పాత కంప్యూటరు చెప్పే మాట విందాం

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఇంట్లోని పాత కంప్యూటరు, దానికి వచ్చే జబ్బులు. విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మన ఇళ్ళల్లో ఉన్న కంప్యూటర్లు ఎలాంటివో చూడండి. ఎప్పుడో వాయిదాల మీద కొన్నది ఒకటి, బావగారు కొత్తది తీసుకుని ఇచ్చేసినది ఒకటి, ఆఫీసు వేలంలో దొరికినది ఇంకొకటి. దానిమీదే అబ్బాయి స్కాలర్‌షిప్పు ఫారం నింపుతాడు. దానిలోనే అమ్మాయి నిఖా ఫోటోలున్నాయి. కాలం చేసిన నాన్నగారి గొంతు రికార్డు చేసినది కూడా దానిలోనే ఉండవచ్చు. అలాంటి యంత్రం ఒకరోజు నీలిరంగు తెర వేసి, ఏవో అంకెలు చూపించి, ఆగిపోతుంది.

అప్పుడు ఏమవుతుంది? ఇంటిల్లిపాదీ కంగారుపడతాం. దుకాణానికి మోసుకుపోతాం. నిజాయితీగా బాగుచేసేవారు చాలామందే ఉన్నారు, కాదనను. కానీ కొన్నిచోట్ల అడగకుండానే "ఫార్మాట్" కొట్టేస్తారు. అంటే పలక తుడిచినట్టు తుడిచేస్తారన్నమాట. సాయంత్రానికి యంత్రం నడుస్తుంది, ఫోటోలు మాత్రం ఉండవు. యంత్రం పోతే మళ్ళీ కొనుక్కోగలం. నాన్నగారి గొంతు ఏ బజారులో కొంటాం? అందుకే ఈ నాలుగు మాటలూ.

మొట్టమొదట గ్రహించవలసినది, ఎర్రర్ అనేది తిట్టు కాదు, కబురు. యంత్రం తన నొప్పి ఎక్కడో తనకు తెలిసిన భాషలో చెబుతున్నది. ఇది కొత్త ఏర్పాటు కూడా కాదు. 1981 ఆగస్టు 12న ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. అది స్విచ్ వేయగానే ముందు తనను తాను పరీక్షించుకునేది. 301 అని చూపిస్తే కీబోర్డులో లోపం, 201 అంటే మెమరీలో లోపం. అంకె చూస్తే రోగం తెలిసేది. ఇవాళ్టి నీలి తెర మీద ఉండే అంకెలూ ఆ వంశానివే. కాబట్టి నీలి తెర కనిపించగానే మొదటి పని, ఫోనుతో దానిని ఫోటో తీయండి. అది చటుక్కున మాయమై యంత్రం మళ్ళీ మళ్ళీ మొదలవుతుంటే, విండోస్ 7లో స్విచ్ వేసిన వెంటనే ఎఫ్8 మీట నొక్కుతూ ఉండండి. వచ్చే జాబితాలో, లోపం వచ్చినప్పుడు తనంత తాను రీస్టార్ట్ కాకుండా ఆపే వరుస ఒకటి ఉంటుంది. దానిని ఎంచుకుంటే తెర నిలబడుతుంది, తీరికగా చదువుకోవచ్చు.

రెండవ పని, మిమ్మల్ని మీరే ఒక ప్రశ్న వేసుకోండి. నిన్న బాగా నడిచినది ఇవాళ ఎందుకు ఆగింది? మధ్యలో ఏం జరిగింది? కొత్త ప్రింటరు తగిలించామా? పిల్లలు ఏదైనా ఆట ఎక్కించారా? మంచం కింద ఊడ్చేటప్పుడు బల్ల జరిపామా? ఉరుములకు కరెంటు పోయి వచ్చిందా? సగం జబ్బులకు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మూడవది, బయటినుంచి లోపలికి రావాలి. డాక్టరుగారు ముందు నాడి చూస్తారు గాని కత్తి పట్టుకోరు కదా! ప్లగ్గు గట్టిగా ఉందా, స్విచ్ బోర్డులో వదులుందా, తెర వైరు ఊడిందా చూడండి. తరువాత వేడి. పది పదిహేను నిమిషాలు బాగా నడిచి, తరువాత టక్కున ఆగిపోతుంటే, మొదట దుమ్మును అనుమానించండి. మన ఊళ్ళ దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి, కింద ఉన్న జాలీని మూసేస్తుంది. ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి, అప్పుడు పక్క రేకు విప్పండి. ఫ్యాను తిరగకుండా వేలితో ఆపి, మెత్తని పొడి బ్రష్‌తో దులపండి. ఒక్క హెచ్చరిక. కరెంటు వైరు వచ్చి చేరే ఆ ఇనుప డబ్బా, అదే పవర్ సప్లై, దానిని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. ప్లగ్గు తీసిన తరువాత కూడా దానిలో కరెంటు నిలవ ఉంటుంది.

నాల్గవది మెమరీ. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉండి, లోపలినుంచి కూత వినిపిస్తుంటే చాలాసార్లు తప్పు మెమరీ పలకదే. నీలి తెర మీద 1ఎ అనో 50 అనో అంకె ఉన్నా ముందు దీన్నే చూడాలి. ముందుగా పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంటిలోని స్టాటిక్ కరెంటు పోతుంది. పలకకు రెండు పక్కలా ఉన్న పిడులు నెట్టి బయటికి తీసి, బంగారు రంగు పళ్ళను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, గాడి చూసుకుని టక్కుమనేదాకా నొక్కండి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి, దొంగ ఎవరో తేలిపోతుంది. విస్టా మొదలు విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష కూడా ఉన్నది. దానికి పైసా ఖర్చు లేదు.

అయిదవది చాలామంది పట్టించుకోని చిన్న వస్తువు. రూపాయి బిళ్ళ లాంటి బ్యాటరీ. మదర్‌బోర్డు మీద ఉంటుంది, పేరు సీఆర్ 2032, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, కొన్ని అమరికలనూ కాపాడేది అదే. పాతబడి అది నీరసిస్తే, స్విచ్ వేసిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే వెబ్‌సైట్లు తెరుచుకోవు. ఎందుకంటే ప్రతి సైటూ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది, ఆ పత్రానికి గడువు తేదీలుంటాయి. గడియారం 2009 అంటుంటే నిన్న మొన్న ఇచ్చిన పత్రం చెల్లదు కదా! ఇంట్లోవాళ్ళేమో నెట్టు పాడైందనుకుంటారు. ఇంకొకటి వినండి. ఆ అమరికలు చెరిగిపోయినప్పుడు, హార్డ్ డిస్కుతో మాట్లాడే పద్ధతి కూడా మారిపోవచ్చు. అప్పుడు 7బి అనే నీలి తెర వస్తుంది. డిస్కు చచ్చిపోయిందని కొత్తది కొనిపిస్తారు. నిజానికి కావలసింది కొత్త బ్యాటరీ, బయాస్‌లో ఏహెచ్‌సీఐ అన్న ఒక్క అమరికను మునుపటి లాగా పెట్టడం. అంతే!

ఆరవది డిస్కు. ఇక్కడ తొందర పనికిరాదు. లోపలినుంచి టిక్ టిక్ అని శబ్దం వస్తున్నా, ఫైలు తెరవడానికి నిమిషాలు పడుతున్నా, 24 అనే అంకె చూపినా, బాగుచేయడం తరువాత, ముందు ఫైళ్ళు బయటికి తెచ్చుకోండి. యంత్రం అసలు మొదలవకపోయినా దారి ఉన్నది. వేరే కంప్యూటరులో లినక్స్ మింట్‌ను పెన్ డ్రైవు మీద తయారుచేసుకుని, దానితో మొదలుపెడితే, డిస్కు మీద ఏమీ రాయకుండానే చాలాసార్లు ఫైళ్ళు చూసి కాపీ చేసుకోవచ్చు. కాపీ అయిన తరువాతనే చెక్ డిస్క్ నడపండి. నీరసించిన డిస్కు మీద ముందుగానే ఆ పరీక్ష నడిపితే ఉన్న ప్రాణం కూడా పోవచ్చు. డిస్కు బాగానే ఉండి విండోసే దెబ్బతిన్నదని తోస్తే, అడ్మినిస్ట్రేటరుగా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి సిస్టం ఫైల్ చెకర్ నడపండి. చెడిన సిస్టం ఫైళ్ళను అది వెతికి సరిచేస్తుంది.

ఇప్పుడు ముఖ్యంగా తల్లులకూ పెద్దవారికీ ఒక మాట. ఒక్కోసారి తెరనిండా ఎర్ర అక్షరాలు వచ్చి, సైరన్ మోగి, "మీ కంప్యూటరుకు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి" అని కనిపిస్తుంది. అది ఎర్రర్ కాదు, వల. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ సందేశాలలో ఫోను నంబరు ఎప్పుడూ ఇవ్వదు. నిజమైన ఎర్రర్ అంకె చెబుతుంది గాని డబ్బు అడగదు. ఆ నంబరుకు చేయకండి, ఓటీపీ చెప్పకండి, యంత్రం ఆపేయండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి దాచుకుంటే పోయేది మనదే.

అయితే అన్నీ బాగుచేసి వాడుకోవలసిందేనా? దానికీ హద్దున్నది. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది. అంటే తలుపుకు కన్నం పడితే పూడ్చేవారు లేరన్నమాట. ఎక్స్‌పీ, 7 ఉన్న యంత్రాల మీద బ్యాంకు పనులు చేయకండి. నెట్టు తీసేసి పిల్లలు టైపు నేర్చుకోవడానికి, లెక్కలు రాసుకోవడానికి వాడుకోండి. లేదా లినక్స్ ఎక్కించండి. ఇక పూర్తిగా చచ్చినదానిని పెరట్లో తగలబెట్టకండి, పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నియమాలు అమలులో ఉన్నాయి. నమోదైన రీసైక్లరుకు ఇవ్వండి. ఇచ్చేముందు డిస్కు తీసి దాచుకోవడం మరవకండి.

చివరగా ఒక మనవి. ఇవాళ ఇంటికి వెళ్ళగానే, యంత్రం బాగున్నప్పుడే, ఒక పెన్ డ్రైవులోకి ఫోటోలు, సర్టిఫికెట్లు ఎక్కించి బీరువాలో పెట్టండి. ఇంకొక కాపీ అక్కగారి ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో ఉంచండి. దుకాణానికి ఇవ్వవలసివస్తే, "మమ్మల్ని అడగకుండా ఫార్మాట్ చేయరాదు" అని చీటీ మీద రాయించుకోండి. మన పిల్లల్లో ఈ పని తెలిసినవాళ్ళు ఉన్నారు. పక్కింటి పెద్దవారు పిలిస్తే విసుక్కోకుండా వెళ్ళండి బాబూ. ఒక పెన్సిల్ రబ్బరు, ఒక స్క్రూడ్రైవరు, కాస్త ఓపిక ఉంటే చాలు, ఒక ఇంటి జ్ఞాపకాలన్నీ నిలబెట్టినవారవుతారు.