బాంబు పేలాక చెవిలో హోరు

దీపావళి నాడు పక్కనే లక్ష్మీబాంబు పేలితే చెవిలో గుయ్‌మని మోత మొదలవుతుంది. ఇదివరకే చెవిలో హోరు ఉన్నవారికైతే అది ఒక్కసారిగా పెరిగి గుండె గుభేలుమంటుంది. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు అదిరిపోతాయి మరి. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లు దాటే టపాసులను మన చట్టం నిషేధించింది. ఇంకా దగ్గరగా నిలబడితే ఆ హద్దు చెవిని కాపాడదు.

ముందు అక్కణ్నుంచి దూరంగా వెళ్లండి. కంగారుపడితే హోరు మీదే మనసు నిలుస్తుంది. చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. రాత్రి పూర్తి నిశ్శబ్దం వద్దు, ఫ్యాను చప్పుడో సన్నని సంగీతమో ఉండనివ్వండి. చెవిలో నూనె మాత్రం దయచేసి పోయకండి. వినికిడి తగ్గినా, తల తిరిగినా వెంటనే చెవి డాక్టరును కలవండి. ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది.