మృత్యువుకు రూపం: అన్యాపదేశ చిత్రకళలో రోగభయం, మరణభయం

రోగభయానికి ఆకారం లేదు. ఒంట్లో ఏ కాస్త నలత కనిపించినా మనసు అంతిమ ఘడియ దాకా పరుగెత్తుతుంది. ఆ భయానికి ఒక శరీరాన్నీ ఒక చోటునీ కల్పించడమే అన్యాపదేశ చిత్రకళ చేసిన పని. ఐరోపా చిత్రకారులు శతాబ్దాలపాటు మృత్యువును అస్థిపంజరంగా గీశారు. ఆ అస్థిపంజరం ఏ చిత్రంలో ఎక్కడ నిలబడిందో గమనిస్తే, ఆ కాలపు భయం స్వభావం బోధపడుతుంది.

1347–51 మధ్య వచ్చిన ప్లేగు ఐరోపా జనాభాలో కనీసం మూడోవంతును బలిగొన్నదని అంచనా. తర్వాతి శతాబ్దంలో 'మృత్యునృత్యం' అనే చిత్రవస్తువు దేశదేశాలా వ్యాపించింది. 1424–25లో పారిస్‌లోని హోలీ ఇన్నోసెంట్స్ శ్మశానం గోడపై వేసిన చిత్రం వాటిలో ప్రసిద్ధం. పోప్, చక్రవర్తి, రైతు, పసిబిడ్డ అందరూ అందులో మృత్యువు వెంట నడుస్తారు. అక్కడి భయం ఊరందరిది. చావు ముందు అందరూ సమానులన్నదే దానికి ఊరట.

హాన్స్ హోల్బైన్ ఈ ఊరేగింపును విడగొట్టాడు. 1538లో లియోన్‌లో అచ్చయిన 41 చెక్క అచ్చు బొమ్మలలో మృత్యువు ఒక్కొక్కరి ఇంటికీ పనిచోటుకూ వస్తుంది. రైతు పొలంలో గుర్రాలను అదిలిస్తుంది. వైద్యుడి గదికి ఒక ముసలి రోగిని వెంటబెట్టుకొచ్చి, పరీక్షించమని మూత్రపు సీసా అందిస్తుంది. రోగం నయంచేసే మనిషికే చావు కబురు చేరడం ఈ బొమ్మలోని పదును. వైద్యాన్ని ఆశ్రయించినా తీరని దిగులు ఇక్కడ కళ్లకు కడుతుంది.

పదిహేడో శతాబ్దపు డచ్ 'వానిటాస్' చిత్రాలలో నడిచే అస్థిపంజరం లేదు. పుర్రె, ఇసుక గడియారం, ఆరిన దీపం బల్లమీద చేరాయి. మృత్యువు రాక ఒక సంఘటనగా కాక, నిత్యస్మరణగా మారింది.

పందొమ్మిదో శతాబ్దంలో ఆ భయం చిత్రకారుడి సొంతమైంది. ఆర్నాల్డ్ బోక్లిన్ 1872లో వేసుకున్న స్వీయచిత్రంలో అస్థిపంజరం భుజం వెనక నిలబడి ఫిడేలు వాయిస్తుంది. ఎడ్వర్డ్ మంక్ తల్లిని 1868లో, అక్క సోఫీని 1877లో క్షయ తీసుకుపోయింది. 1895 నాటి అతని స్వీయచిత్రం అడుగున ఒక ఎముకల చేయి అడ్డంగా పడి ఉంటుంది. మృత్యువు వెలుపలి నుంచి వచ్చే అతిథి కాదు, సొంత ఒంటిలోనే ఉంది. ఆరోగ్యం గురించిన ఆధునిక ఆందోళనకు ఇంతకన్నా సూటి రూపం అరుదు.

ఫిన్లాండ్ చిత్రకారుడు హ్యూగో సింబర్గ్ 1896లో 'మృత్యువు తోట' గీశాడు. అందులో నల్లని దుస్తుల అస్థిపంజరాలు మొక్కలను శ్రద్ధగా సాకుతాయి. తర్వాత టాంపెరే కెథడ్రల్ గోడపైనా అతడు ఈ ఘట్టాన్ని చిత్రించాడు. భయపెట్టిన ఆకారానికే సాకే చేతులిచ్చిన ఊహ ఇది.

ఈ చిత్రాలను చిత్రకారుల రోగచరిత్రలుగా మాత్రమే చదివితే వాటికి అన్యాయం జరుగుతుంది. మంక్ ఎనభై ఏళ్లు బతికి 1944లో మరణించాడు. అతని భయం జోస్యంగా ఫలించలేదు, చిత్రంగా ఫలించింది. అన్యాపదేశం భయాన్ని పోగొట్టదు. ఒంటరి మనసులో సుడి తిరిగేదాన్ని నలుగురూ నిలబడి చూసి, మాట్లాడుకోగలిగే వస్తువుగా మారుస్తుంది. పరిశోధన ప్రధానంగా పట్టించుకోవలసింది ఈ మార్పునే.