పరుగు మగపిల్లలకేనా?

(షోలాపూర్ నేత కార్మికుల పేటలో యువత కూడికలో చేసిన ప్రసంగం)



మన పేటలో బట్ట అంటే చాదరు, తువ్వాలు. ఈరోజు అదే నూలుబట్ట మీద ఎండతో బొమ్మలు వేశాం. దీన్ని సైనోటైప్ అంటారు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టాడు. రెండు ఇనుప లవణాల నీళ్లు కలిపి, నీడపట్టున బట్టకు పూసి ఆరబెట్టాం. పైన ఫొటో నెగటివ్ పెట్టి ఎండలో ఉంచాం. నీళ్లలో జాడిస్తే వెలుగు తాకినచోట నీలం నిలిచింది, తాకనిచోట తెలుపే మిగిలింది.

ఈ బొమ్మల్లో ఇద్దరున్నారు. ఒకరు బొంబాయి బాంద్రా అమ్మాయి మేరీ డిసౌజా. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో 100, 200 మీటర్లు పరుగెత్తింది. ప్రయాణానికి డబ్బు చాలకపోతే స్నేహితులే పోగుచేశారు. రెండోవారు మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి. 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయింది.

మరి మన ఇళ్లలో? బడి నుంచి రాగానే అన్న బంతి పట్టుకుని బయటికి పోతాడు. చెల్లెలు అమ్మ పక్కన బీడీల చేట ముందు కూర్చుంటుంది. ఆమె మీద వెలుగు పడేదెప్పుడు?

హెబ్రీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం విశ్వాస జీవితాన్ని పరుగుతో పోల్చింది. ఆ పరుగు మగపిల్లలకే అని అక్కడ లేదు.

అందుకే అడుగుతున్నాను. వారానికి రెండు సాయంత్రాలు చర్చి ఆవరణ ఆడపిల్లల ఆటకు వదలండి. తమ్ముళ్లారా, ఆ గంటసేపు ఇంటిపని మీరు చూడండి. మేరీకి స్నేహితులు తోడు నిలిచినట్టే మనమూ నిలబడదాం. ఈ బొమ్మలు ఆ తర్వాతే గోడకెక్కిద్దాం.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక.