చార్మినారు చెంత గచ్చుపని



భాగ్యనగరపు పాతపేట కట్టడములనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్మాజ్ఞాపించిరి. మేము శిల్పులము కాము. మా తండ్రిగారు ఉలి పట్టిరి. మేము బలపము పట్టి సంస్కృతము చెప్పుకొంటిమి. కావున మా మాటలయందు దోషమున్నచో పెద్దలు మన్నింతురుగాక.

1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబుషాహ చార్మినారును కట్టించి, దానినే క్రొత్తనగరమునకు నాభిగా నిలిపెను. నాలుగు దిక్కుల వీధులు అచ్చటనే కలియును. ఉత్తరమున గుల్జారుహౌజు, దానిచుట్టు నాలుగు కమానులు. పడమట గాజులకు పేరొందిన లాడ్‌బజారు. నైఋతిని 1694లో ముగిసిన మక్కామసీదు. సుమారు 56 మీటర్ల యెత్తుగల ఆ మీనారులను జూచి రాజును స్మరింతుము. గచ్చు నూరిన చేతుల నెవ్వరును స్మరింపరు.

ఆ పని సామాన్యమైనది కాదు. సున్నపురాతిని కాల్చి, నీటిలో మాగవేసి, ఇసుకతో గానుగలో మెత్తగా నూరి, బెల్లపునీటిని, కరక్కాయ కషాయమును కలుపుట మన పనివారి సంప్రదాయము. అట్టి గచ్చు గోడలోని చెమ్మను వెలికి పోనిచ్చును. సిమెంటు దానిని లోపలనే బంధించును. అంత పాతగోడ లోలోపల చివుకును.

ఇది మేము గ్రంథములలో చదివి నేర్చినది కాదు. మా తండ్రిగారు కట్టిన యింటిగోడకు మేమే సిమెంటు పూయించితిమి. మూడు వానకాలములు గడువకమునుపే పూతతో కూడ పాతసున్నమును పెళ్లలుగా రాలెను. వృద్ధుడగు మేస్త్రి యొకడు వచ్చి చూచి, "అయ్యవారూ, గోడకు ఊపిరాడనీయలేదు గదా!" యనెను. చదువుకొన్న మేము తల వంచుకొంటిమి.

2019 మే నెలలో చార్మినారు మీనారునుండియు గచ్చుపెళ్ల ఊడిపడినది. మరమ్మతునకు ధనము సమకూరవచ్చును. గచ్చు కలుపు చేయి ధనముచే ఒక్కనాట లభించునా? ఆ చేయి తండ్రినుండి కొడుకునకు, గురువునుండి శిష్యునకు రావలసినదే. ఆ వరుసను తెంచినవారిలో మేమును ఒకరము.

కావున మా విన్నపము రెండే. పూర్వుల యిండ్లు గలవారు గోడపై చేయి వేయుటకు ముందు ఒక వృద్ధ పనివానిని పిలిచి యడుగుడు. పోషకులు ఏటేట ఇద్దరు యువకులకైనను భృతి నొసంగి, అట్టి వృద్ధులయొద్ద పని నేర్పింపుడు. వారు జీవించియుండగనే యిది జరుగవలయును.

స్వస్తి.