ఎడారి యింటి ధూళి, పాతకాలపు యంత్రములు



ధూళిని గూర్చి పల్లెవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. కళ్లమున తూర్పారబట్టునప్పుడు కన్నులలో బడునదియు, బండ్లబాటను నడచునప్పుడు పంచె కంటునదియు మన మెఱిగినవే. కాని నేడు నేను ప్రస్తావింపబోవునది వేఱొక దేశపు ధూళి. అమెరికాలో, అరిజోనా రాష్ట్రమున, ఫీనిక్సు నగరము ప్రక్కను చాండ్లరు అను పట్టణము కలదు. అచ్చట తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. మా అమ్మాయి కుటుంబము అందొకటి. ఏటేట కొన్ని మాసములు నేనచ్చట గడపుచుందును. మీలోను అనేకులు బిడ్డల యిండ్లకు అట్లు పోయి వచ్చుచున్నవారే. వారు ఉద్యోగములకు బోయిన వెనుక ఇల్లు కనిపెట్టుకొనియుండువారము మనమే గనుక, ఈ విషయము మనకు పనికివచ్చునని తలచి చెప్పుచున్నాను.

ఫీనిక్సు సొనోరా ఎడారిలోని నగరము. మన అనంతపురమున ఏటికి ఇంచుమించు 22 అంగుళముల వాన కురియుచుండగా, అచ్చట సగటున 8 అంగుళములైనను కురియదు. జూను నడుమనుండి సెప్టెంబరు తుదివఱకు ఉఱుముగాలులు లేచును. వానికి ముందు ధూళి గోడవలె నిలిచి నడచివచ్చును. అరబ్బీ మాట నెరవు తెచ్చుకొని దానిని హబూబు అందురు. 2011వ సంవత్సరము జూలై 5వ తేదీ సాయంకాలమున వచ్చిన హబూబు ఇంచుమించు 5,000 అడుగుల యెత్తున నగరమును కప్పివేసినది. అట్టిది వచ్చిపోయిన పిమ్మట, తలుపులు కిటికీలు బిగించిన యింటిలో సైతము బల్లపై వ్రేలితో పేరు వ్రాయవచ్చును. ఆ ధూళి గోధుమపిండికంటె మెత్తన. పొడిచీపురుతో ఊడ్చినచో పోదు. లేచి గాలిలో తేలి, మనము కూర్చున్న తరువాత మరల దిగును. మన ఆడువారు వాకిట కళ్లాపి చల్లిన పిదపనే చీపురు పట్టుటలోని మర్మము నాకచ్చట చక్కగా తెలిసినది.

ఆ మట్టిలో మఱియొక భయము కూడ కలదు. అందు ఒక విధమైన బూజు పెరుగును. దాని బీజములు గాలితో ఊపిరితిత్తులలో జేరిన కలుగు జ్వరమును వ్యాలీ ఫీవరు అందురు. అది ఒకరినుండి యొకరికి అంటదు. పీల్చినవారిలో పెక్కుమందికి ఏమియు తెలియకయే పోవును. అయినను కొందఱకు మాసముల తరబడి దగ్గును నీరసమును మిగుల్చును. అరుదుగా ప్రాణాపాయము కూడ కలుగును. మా మనుమరాలికి ఉబ్బసపు ఆయాసము కలదు. కావున మా యింట ధూళి తీయుట చూపుకొఱకు చేయు పని కాదు. ఆ పిల్ల రాత్రి నిద్రపోవుట దానిపై నాధారపడియున్నది.

ఇక యంత్రము మాట. వాక్యూమ్ క్లీనరు అనునది కమ్మరి కొలిమితిత్తికి ఎదురుపని చేయును. తిత్తి ఊదును, ఇది పీల్చును. లండనులో హ్యూబర్టు సెసిల్ బూత్ అను ఇంజనీరు 1901లో దీనిని నిర్మించెను. ధూళిని ఊది యెగురగొట్టు యంత్ర మొకదానిని చూచి, ఊదుటకంటె పీల్చుట మేలని ఆయనకు తోచెనట. ఆయన యంత్రము గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిచియుండగా, గొట్టములు కిటికీలగుండ ఇండ్లలోనికి పోయెడివి. ఇంటిలో ఒక్క మనిషి త్రోయదగిన దానిని 1907లో ఒహాయో రాష్ట్రపు కాంటను పట్టణమున జేమ్సు మర్రే స్పాంగ్లరు అను ఊడ్పుపనివాడు చేసెను. తివాచీ లూడ్చు ధూళివలన అతనికి ఉబ్బసము హెచ్చుచుండెను. విద్యుత్తుతో తిరుగు పంకా, ఒక పెట్టె, చీపురుకఱ్ఱ, ధూళి పట్టుటకు ఒక దిండుగలీబు, ఇవియే అతని సామాను. మరుసటి యేడు అతడు పేటెంటు పొందగా, ఆ హక్కును హూవరు అను వ్యాపారి కొనెను.

ఆ దిండుగలీబును మీరు మఱువకుడు. పాత యంత్రముల మంచిచెడ్డలు చాలవఱకు దానిలోనే యున్నవి.

పాతవి ఎందులకని మీరడుగవచ్చును. మా అమ్మాయి యింట మొదట నున్నది సంచి లేని ప్లాస్టిక్కు యంత్రము. ఎవరు చేసినదో చెప్పను. మెత్తని ధూళి దాని వడపోతను మాటిమాటికి సిమెంటువలె మూసివేయుచుండెడిది. రెండవ యేట మోటారు మాడినది. విప్పి చూతమన్న మరలు లేవు, అన్నియు అతుకులే. అచ్చట సెలవునాళ్లలో గృహస్థులు తమ పాతసామానును వాకిట బెట్టి అమ్ముదురు. అందు లోహపు ఒడలు గలిగి, 50, 60 ఏండ్లు దాటియు తిరుగుచున్న యంత్రములు స్వల్పవెలకు దొరకును. వానిని మరలు త్రిప్పి విప్పవచ్చును. మోటారులోని బొగ్గుముక్క లరిగిన మార్చవచ్చును. ఒకదానిని ఇంటికి దెచ్చినప్పుడు మా అల్లుడు "మామయ్యగారూ, ఇది ప్రదర్శనశాలలో నుండవలసినది" అని నవ్వెను గాని, మీట నొక్కగానే అది తిరిగినది.

అయితే పాతదెల్ల మనకు బనికిరాదు. కఱ్ఱ పట్టి త్రోయు నిలువు యంత్రములు, అనగా హూవరు, కర్బీ మొదలగునవి, తివాచీలకొఱకు పుట్టినవి. హూవరువారు 1926లో తివాచీని దరువు వేసినట్లు కొట్టు కడ్డీని కూడ అమర్చిరి. దట్టమైన తివాచీకి అంతకంటె మేలైనది లేదు. కాని ఎడారి యిండ్లలో పెక్కింటికి నేల నున్నని పలకరాళ్లే. తిరుగు కుంచె ఆ రాతిపై ఇసుకరేణువును పట్టుటకు మాఱు గది ఆ మూలకు విసరును. ఇంతే కాదు. ఆ పాత నిలువు యంత్రములలో పీల్చిన మురికియంతయు పంకారెక్కల నడుమనుండియే పోవును. ఫీనిక్సులో పచ్చిక పెంచుటకు నీరు చాలక పెరళ్లలో కంకర పఱచుదురు. చెప్పుల కంటివచ్చిన ఒక్క కంకరరాయి రెక్కను విఱుగగొట్టగలదు. పిమ్మట ఆ ధూళి గుడ్డసంచిలోనికి ఊదబడును. అదియే స్పాంగ్లరు దిండుగలీబు! గింజ నిలుచును, పొట్టు పోవును అన్నట్లు, ముతకమట్టి సంచిలో నిలుచును. ఊపిరితిత్తులకు చేటుచేయు మెత్తనిది నేతసందులనుండి గదిలోనికి వచ్చును. ఇల్లు ఊడ్చితి మనుకొందుము, తూర్పారబట్టియుందుము.

నీటి యంత్రము లింకొక తెగ. 1930ల నుండి రెక్సెయిరువారు చేసినవి. పీల్చిన గాలి నీటితొట్టిగుండ పోవును. నీరు బురదయగుట కంటికి కనబడును గనుక ఇవి అందఱకు నచ్చును. కాని హుక్కా పీల్చువారిని తలచుకొనుడు. పొగ నీటిగుండ పోయియు పొగగానే వచ్చుచున్నది గదా! ముతకది నీటిలో నిలుచును, మిక్కిలి సన్ననిది బుడగలో దాగి వెలువడును. పైగా ప్రతిదినము ఆ బరువైన తొట్టిని మోసి పాఱబోయవలెను. మన వయస్సువారికి అది భారము. ఫిల్టరు క్వీను అను మఱియొకటి గాలిని సుడిత్రిప్పి ధూళిని వేఱుచేయును. యంత్రము మంచిదే గాని, దాని కడుపు తెఱచి క్రుమ్మరించునప్పుడు ధూళి మొగముమీదికి లేచును. ఉబ్బసము గల యింటికి అది తగదని నా అభిప్రాయము.

నాకు నచ్చినది పడుకొనియుండు పీపా యంత్రము. ఎలెక్ట్రొలక్సువారు 1921లోనే బండికమ్ములవంటి కాళ్లపై జాఱు పీపాను చేసిరి. ఇందు సంచి పంకాకు ముందు, లోహపు ఒడలి లోపల నుండును. గాలి మొదట సంచిలో వడియబడి, తరువాతనే పంకాను చేరును. కంకరవలన భయము లేదు. 1950ల తరువాతివానిలో పెక్కింటికి కాగితపు సంచులు పట్టును. నేడు పలుపొరలతో దట్టముగా జేసిన సంచులును దొరకుచున్నవి. మెత్తని వెండ్రుకల కుంచె తగిలించినచో పలకరాళ్లపై ధూళి చెదరదు.

ఏ తెగదైనను కొనుటకు ముందు దాని బలమును గాక దాని ఊపిరిని పరీక్షింపవలెను. ఏమి పీల్చుచున్నదని అందఱు చూతురు; ఏమి విడుచుచున్నదని చూడవలెను. గది చీకటిచేసి, ఒక్క కిటికీసందునుండి ఎండకిరణమును రానిచ్చి, యంత్రము గాలి విడుచు చోటును ఆ వెలుగులో నుంచుడు. చేటెడు మట్టిని పీల్పింపుడు. వెలుగులో రేణువులు క్రొత్తగా ఆడినచో ఆ యంత్రమును వదలివేయుడు. ఎండలేనిచోట తడిపిన తెల్లగుడ్డను గాలికి అడ్డము పట్టి చూచిన చాలును. మూత అంచున నుండు రబ్బరుపట్టీ ఎండి బీటలువాఱినచో, సంచి ఎంత మంచిదైనను గాలి ప్రక్కదారి బట్టును. ఆ ఎండలకు రబ్బరు త్వరగా చచ్చును.

తీగ సంగతి తేలికగా తీసికొనరాదు. ముల్లు దగ్గఱ వంచి చూచిన పాత తీగపై తొడుగు రాలుచుండును. అట్టిదానిని తెలిసినవానిచేత మార్పించిన పిమ్మటనే మీట నొక్కవలెను. ఈ యంత్రములకు ఎర్తు తీగ యుండదు, ఒడలు లోహము. కావున తడిగుడ్డ పెట్టిన నేల ఆఱకమునుపు వట్టికాళ్లతో దీనిని నడపుట ప్రమాదము. అచ్చట కొని మన యూరికి దెత్తమను ఆలోచనయు వలదు. అచ్చటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. తగ్గించు పెట్టె లేక తగిలించినచో మోటారు మాడిపోవును.

మనుమరాలి పడకగదికి మాత్రము నేను పాతదానిని వాడనీయను. నేటి యంత్రములలో కొన్ని అంచులన్నియు బిగించి, హెపా అను వడపోతతో వచ్చుచున్నవి. ఆ వడపోత 0.3 మైక్రాను రేణువులను నూటికి 99.97 పాళ్లు ఆపవలెనని నియమము. పాత పీపాకు ఆ శక్తి లేదు. ఆ గదికి అట్టి చిన్న యంత్రమును వేఱుగా దెచ్చితిమి. తక్కిన గదులకు, చావడికి, దినదినమును పీపాయే. హబూబు వచ్చిననాడు వెంటనే యంత్రము తీయక, ధూళి దిగువఱకు ఆగి, బల్లలను తడిగుడ్డతో తుడిచి, పిమ్మట దానిని నడుపుదుము. చెప్పులు వాకిటనే విడుచుదుము. మన యాచారము ఆ యెడారికి చక్కగా అమరినది.

సంచి మార్చుట నా వంతు. ముప్పాతిక నిండకమునుపే, పిల్లను లోపల నుంచి, ఎన్-95 మాస్కు కట్టుకొని, పెరటిలో గాలికి వీపు చూపి నిలిచి, సంచిమూతిని మడచి, వేఱొక సంచిలో బెట్టి బిగించి చెత్తతొట్టిలో వేయుదును.