నీరు పల్లమెరుగు - మరి పల్లంలో ఎవరున్నారు?

(నగర వరదలు, బస్తీ జనం అనే విషయం మీద జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య ఆఫీసుల్లోనూ సెమినార్లలోనూ ఓ కొత్త మాట బాగా నలుగుతోంది. రెసిలియెన్స్ అంటున్నారు. తెలుగులో తట్టుకునే శక్తి అనుకుందాం. నగరానికి వరదొస్తుంది, వడగాలి కొడుతుంది, దెబ్బ తిన్నా మళ్లీ లేచి నిలబడాలి, దానికి తగ్గట్టు నగరాన్ని తయారుచేయాలి అంటున్నారు. మంచిమాటే, కాదనేదెవరు? కానీ ఈ నగరం అనే మాటలో మనం ఉన్నామా లేమా? అది తేల్చుకోవటానికే ఇవాళ ఇక్కడ కూచున్నాం.

ఇదే సంగతి నాలా పక్కన ఉండే ఆడమనిషిని అడిగి చూడండి. ఆమెకి రెసిలియెన్స్ అన్న మాట తెలియకపోవచ్చు, విషయం మాత్రం అందరికంటే బాగా తెలుసు. గడప ఎంతెత్తుందో చెబుతుంది. కిందటిసారి నీళ్లు గోడమీద ఎక్కడిదాకా వచ్చాయో వేలుపెట్టి చూపిస్తుంది. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద ఎందుకు పెట్టిందో చెబుతుంది. బియ్యం తడిస్తే ఎన్ని రోజులు పస్తో, నాలుగు రోజులు పనికి పోకపోతే ఎక్కడ అప్పు పుడుతుందో, ఎంత వడ్డీకి పుడుతుందో లెక్కగట్టి చెబుతుంది. చివర్లో ఇంకో మాట కూడా అంటుంది: "పక్కన మేడ ఉంది గానీ, ఆ రాత్రి మమ్మల్ని మెట్లెక్కనిస్తారో లేదో!"

చూశారా, ఆఫీసరు దృష్టిలో తట్టుకునే శక్తి అంటే రిటైనింగ్ వాల్, పంపుసెట్టు, కంట్రోల్ రూం. మనవాళ్ల దృష్టిలో గడప, కాగితం, కూలి, పొరుగు. ఆఫీసరు చెప్పినవి అక్కర్లేదని నేననటం లేదు, అవీ కావాలి. కానీ ఆయన లెక్కలో మన నాలుగూ లేవు. ఆ లెక్క ఎందుకు తప్పుతుందో చెప్పటానికే ఈ నాలుగు మాటలు.

నీరు పల్లమెరుగు అని సామెత. పల్లంలో ఎవరున్నారో ఆ సామెత చెప్పదు. నీళ్లకు కులం లేదంటారు. నిజమే, నీళ్లకు లేదు, నేలకుంది. పల్లెలో మాలపల్లె, మాదిగగూడెం ఊరికి ఎడంగా ఉంటాయి, చాలాచోట్ల పల్లంలోనే ఉంటాయి. పల్లె విడిచి పట్నానికొస్తే కులం పోతుందని ఆశపడ్డాం. బాబాసాహెబ్ కూడా ఊరిని నమ్మొద్దనే చెప్పాడు. కొంత పోయింది, కాదనను. కానీ పట్నంలో మనకి దొరికిన జాగా ఏది? నాలా పక్కన, చెరువు శిఖంలో, నది ఒడ్డున. ఎవరికీ అక్కర్లేని జాగా. అక్కడ దళితులతో పాటు ముస్లింలున్నారు, పాలమూరు నుంచి, ఇంకెక్కడెక్కడి నుంచో వలసొచ్చిన బీసీ కూలీలున్నారు. అందరినీ అక్కడికి చేర్చింది పేదరికమే. అయితే ఆ పేదరికానికి పునాది వేసిందెవరో మనకు తెలుసు.

హైదరాబాదు సంగతే తీసుకోండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది చచ్చిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారని చెప్తారు. ఇవాళ్టికీ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టుంది. ఆ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నది ఒడ్డునే హైకోర్టు లేచింది, ఉస్మానియా ఆస్పత్రి లేచింది. తర్వాతి కాలంలో మూసీలోనే మహాత్మాగాంధీ బస్ స్టేషన్ కట్టారు. వీటిని ఆక్రమణ అని ఎవరూ అనరు. అదే ఒడ్డున కూలివాడు నాలుగు రేకులు వేసుకుంటే ఆక్రమణ!

2000 ఆగస్టులో హైదరాబాదులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. నాలాలు వెడల్పు చేయాలని అప్పుడే కన్సల్టెంట్లతో అధ్యయనం చేయించారు. ఇరవై ఏళ్లు గడిచాయి. 2020 అక్టోబర్ 13న మళ్లీ కుండపోత. పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఇంటికి పదివేలు సాయం అన్నారు. జనం మీసేవ సెంటర్ల ముందు తెల్లారకముందే బారులు తీరారు. అంతలో కార్పొరేషన్ ఎన్నికలొచ్చాయి, ఎన్నికల సంఘం సాయం ఆపమంది. వరదలో నిలబడ్డ జనమే మళ్లీ క్యూలో నిలబడి ఉత్త చేతులతో ఇంటికి పోయారు. ఈ క్యూలో నిలబడే ఓపిక కూడా తట్టుకునే శక్తిలోకే వస్తుందా? ఆ సెమినార్ల పెద్దమనుషుల్నే అడగాలి.

ఇక బెజవాడకు పోదాం. బుడమేరు నీళ్లను వెలగలేరు దగ్గర నుంచి కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లిస్తారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? 2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది. అదే సమయంలో బుడమేరు కాలువ కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగించారు. బాగుంది, అవి చేయాల్సిన పనులే. కానీ నీళ్లొస్తున్నాయని ముందు చెప్పినవాడు లేడని జనం మొత్తుకున్నారు. ఆ తర్వాత నీళ్లు మునిగిన కింది అంతస్తు ఇంటికి 25 వేలు, పై అంతస్తుకి పదివేలు అన్నారు. జాబితాలో పేరు లేదని ఎంతోమంది ఆఫీసుల చుట్టూ తిరిగారు. లెక్క రాసేవాళ్లొచ్చినప్పుడు ఇంటికి తాళం ఉంటే ఏమవుతుంది? తడిసిన ఇంట్లో ఉండలేక చుట్టాలింటికి పోయినవాడు తాళం వేయకుండా పోతాడా? అద్దెకున్నవాడి చేతిలో కాగితం ఏముంటుంది? గడప, కాగితం, కూలి, పొరుగు అని మొదట చెప్పాను గుర్తుందా? అందులో కాగితం ఎంత గట్టి గోడో బెజవాడలో తెలిసింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఈ సభ ముగియకూడదు. వరద తీశాక బురద ఎవరు ఎత్తారు? బెజవాడకు రాష్ట్రంలోని వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికుల్ని తోలుకొచ్చారు. వాళ్లెవరో, ఏ పేటల నుంచి వచ్చారో మీకు నేను చెప్పాలా? ఊరు లేచి నిలబడిందని పేపర్లో రాస్తారు. నిలబెట్టిన చేతులకు గ్లౌజులున్నాయా, కాళ్లకు బూట్లున్నాయా అని రాయరు. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకూడదని 2013లో చట్టమొచ్చింది. చచ్చినవాడి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో, 30 లక్షలివ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. పరిహారం పెరిగింది, సంతోషం. కానీ మనిషి దిగటం ఆగిందా? నగరం వరదను తట్టుకునేది మన కార్మికుల ఒంటితో. ఏ ప్లానులోనూ ఈ వాక్యం కనపడదు.

2024 సెప్టెంబర్ చివర్లో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. నదీగర్భంలో ఉన్నారు, మీ ప్రాణాలకే ప్రమాదం, డబుల్ బెడ్‌రూం ఇళ్లిస్తాం పొమ్మన్నారు. కొందరు పోయారు, కొందరు ఏడ్చారు, కొందరు ఎదిరించారు. ప్రమాదం లేదని మనం అబద్ధం ఆడొద్దు. ప్రమాదముంది. 2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తితే బస్ స్టేషన్‌లోకే నీళ్లొచ్చాయి, ప్రయాణికుల్ని బయటికి తేవాల్సొచ్చింది. మరి ఆ ఎర్రగీత బస్ స్టేషన్ గోడకెందుకు పడలేదు? అక్కడ జనానికి పనుంది కాబట్టి అంటారు. మనకూ అక్కడే పనుంది నాయనా! పాచిపని చేసే ఇళ్లు అక్కడే, తోపుడుబండి తిప్పే బజారు అక్కడే, పిల్లల బడి అక్కడే. దూరంగా ఇల్లిచ్చి కూలి తీసేస్తే, నీళ్లనుంచి తప్పించి ఆకలిలో ముంచినట్టే.

కాబట్టి మనం అడగాల్సినవి సూటిగా అడుగుదాం.

ఒకటి. గేట్లెత్తే ముందు కబురు బస్తీకి చేరాలి. ఫోన్ మెసేజితో సరిపెట్టొద్దు. మైకుతో, తెలుగులో, ఉర్దూలో చెప్పాలి. ప్రతి బస్తీకీ ఎవరు బాధ్యుడో పేరు రాసి గోడకు అంటించాలి.

రెండు. ఆ రాత్రి ఎక్కడికి పోవాలో ముందే తెలియాలి. దగ్గరున్న బడి, ఫంక్షన్ హాలు, గుడి, చర్చి, మసీదు, ఏదైనా సరే తలుపు ఎవరికైనా తెరవాలి. పక్కవాడి దయ మీద మన ప్రాణం ఆధారపడకూడదు.

మూడు. అద్దెకున్నవాళ్లను లెక్కలో రాయాలి. పోయిన సామానుతో పాటు పోయిన కూలి కూడా రాయాలి.

నాలుగు. ఇల్లు మార్చాలంటే ముందు కొత్త ఇల్లు చూపాలి. పనికి, బడికి అందే దూరంలో చూపాలి. ఇంట్లో మనిషితో మాట్లాడాకే గోడమీద రంగు పడాలి.

ఐదు. పారిశుద్ధ్య కార్మికుడికి వరదకు ముందే బూట్లు, గ్లౌజులు, టీకాలు అందాలి. పర్మినెంటుకీ కాంట్రాక్టుకీ తేడా ఉండకూడదు.

ఆరు. 1992లో 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీల మాట చెప్పింది. వార్డు వరద ప్లాను గీసేటప్పుడు నీళ్లెక్కడిదాకా వచ్చాయో వేలుపెట్టి చూపించగల ఆ ఆడమనిషి అక్కడ కూచోవాలి. ఆమె చూపించిన చోట గీత పడాలి.

మిత్రులారా, మనవాళ్లకు ఓర్పు ఎక్కువని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వినీ వినీ చెవులు మోగుతున్నాయి. మన ఓర్పును వాళ్ల పథకంలో పద్దు రాసుకోనివ్వొద్దు. వానాకాలం మనకోసం ఆగదు. ఇంటికెళ్లాక మీ బస్తీలో కిందటి వరద గుర్తు ఎక్కడుందో చూసి, గోడమీద గీత గీయండి. తేదీ వేయండి. ఏ ఇల్లు మునిగిందో, ఎవరికి సాయం అందలేదో ఓ నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం పట్టుకుని అందరం కలిసి వార్డు ఆఫీసుకు పోదాం. జై భీమ్.