నీటి మధ్య నిలువు గీత

కొల్లేటి లంకల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ సంగతి కొత్తేమీ కాదు. ఆటపాక దగ్గర గట్టెక్కి చూస్తే కనుచూపు మేరా నీళ్ళే. అన్ని నీళ్ళలోనూ చూపు ముందుగా ఆగేది దోనెలో నిలబడి గెడ వేస్తున్న మనిషి మీద. అడ్డంగా పరుచుకున్న నీటి మీద నిలువుగా ఉన్నది అతనొక్కడే మరి!

హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ బుద్ధుణ్ణి ఈ కంటితోనే చూడమని నా మనవి. ఆ చోటు ఒకప్పుడు చెరువు మధ్య తేలిన ఉత్త బండ. జిబ్రాల్టర్ రాక్ అనేవారు. న్యూయార్క్ దగ్గర దీవిలో ఉన్న స్వేచ్ఛా విగ్రహాన్ని చూసొచ్చిన ఎన్.టి. రామారావుగారు మనకూ అలాంటిదొకటి ఉండాలనుకున్నారు. 1985లో పని మొదలైంది. శిల్పి ఎస్.ఎం. గణపతి స్థపతి.

స్వేచ్ఛా విగ్రహం పైకి రాగిరేకు, లోపల ఇనుప చట్రం. అందుకే ఆ చేయి దివిటీతో ఆకాశంలోకి లేచింది. గణపతి స్థపతి ఎంచుకున్నది భువనగిరి దగ్గర రాయగిరి తెల్ల గ్రానైటు. 58 అడుగుల బొమ్మ, అంతా ఒకే రాయి. రాయి ఎంత బరువైనా మోస్తుంది గానీ, వంపుకు ఓర్చుకోదు. చేయి దూరంగా చాస్తే విరుగుతుంది. బుద్ధుడి కుడిచేతిని గమనించండి. అభయముద్రలో లేచినా ఒంటిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ మూర్తిలోని నెమ్మది సగం ముఖంలో ఉంటే, సగం ఆ చేతిలోనే ఉందంటాను.

మన కామవరపుకోట దగ్గరి గుంటుపల్లి గుహల్లో ఇందుకు భిన్నమైన పని కనిపిస్తుంది. గుండ్రని చైత్యం లోపలికెళ్ళి తలెత్తితే, చుట్టిల్లు కప్పుకుండే వాసాలన్నీ కొండరాతిలోనే చెక్కి ఉంటాయి. ఆ శిల్పి దగ్గరి చూపు కోసం చెక్కాడు. సాగర్ బుద్ధుణ్ణి చూసేవాడు ట్యాంక్‌బండ్ మీద నిలబడతాడు. అంత దూరానికి నగిషీ అందదు, నిటారైన ఆకారమే అందుతుంది.

1990 మార్చిలో విగ్రహాన్ని చెరువు మధ్య బండ దగ్గరికి తీసుకెళ్తుండగా అది నీటిలోకి ఒరిగిపోయింది. పనివాళ్ళ ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖాన్ని పక్కనపెట్టి ఈ శిల్పాన్ని చూడలేం. రెండేళ్ళకు పైగా నీళ్ళడుగున ఉండి, 1992 డిసెంబరులో నిలబడింది.

ఆ తర్వాత చెరువుకే ఒక నడిబొడ్డు ఏర్పడింది. 1994లో ఒడ్డున లుంబినీ పార్కు వచ్చింది, పడవలు బుద్ధుడి వైపు తిరిగాయి. చుట్టూ కట్టిన వేదిక కింద పాత బండ మాత్రం దాదాపు కనుమరుగైంది. కాస్త రాయిని బయటికి వదిలి ఉంటే ఇంకా బాగుండేదని నాకనిపిస్తుంది.

పడవ దిగాక ముందువైపే ఆగిపోకుండా చుట్టూ తిరిగి వీపు కూడా చూడండి. ఆ తీరానికి దగ్గర్లోనే 2023లో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం వెలిసింది. ఉక్కు చట్రం మీద కంచు. రెండు విగ్రహాల చేతులనూ పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.